పైతేట చెప్పిన కొలత

గంటన్నర పట్టే పనిని నాలుగు నిమిషాల్లో తేల్చేసిన ల్యాబ్ టెక్నీషియన్ చోడవరం చుట్టుపక్కల నేనొక్కడినే. కోవిడ్ తర్వాత కాలేజీలు తెరిచిన రెండో ఏడు అది. ఊరి శివార్లలోని ఫార్మసీ కాలేజీలో ఉద్యోగం. పెరిగింది మా నాన్న కిరాణా కొట్లో కాబట్టి, ఎవరేం చెప్పినా సగానికి అడగడం నాకు అలవాటు. ఆ అలవాటుతో ఒక ప్రయోగాన్ని కూడా బేరమాడాను. బేరం కుదిరిందని నెలరోజులు మురిసిపోయాను.

ప్రయోగం నస్రీన్‌ది. అనకాపల్లి అమ్మాయి, మా కాలేజీలోనే పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తోంది. గడువు అప్పటికే రెండుసార్లు పెంచారు. మరుసటి నెలాఖరు కమిటీకి ఫలితాలు చూపించకపోతే రిజిస్ట్రేషన్ పోతుంది. ఆమె చేయాల్సినవి హైడ్రోజెల్ నానోపార్టికల్స్. రొయ్యల పొట్టు నుంచి తీసే కైటోసాన్ ఒక పాలీశాకరైడ్, అంటే చక్కెర అణువులు గొలుసులా అల్లుకున్న పదార్థం. దాన్ని పలచని ఎసిటిక్ యాసిడ్‌లో కరిగించి, తిప్పుతూ, టీపీపీ అనే లవణం కలిపిన నీళ్ళు చుక్కచుక్కగా వేస్తే గొలుసులు ముడిపడి, నీరు పట్టిన సన్నటి రేణువులవుతాయి. నానిన సగ్గుబియ్యాన్ని కంటికి కనపడనంత చిన్నది చేసి ఊహించుకోండి. వాటిలో మందు దాచితే నెమ్మదిగా వదులుతాయి.

నస్రీన్ క్లాసులో ఉండే వేళ ఆ చుక్కలు వేసే పని నాది. నేను సిరంజి నొక్కి నాలుగు నిమిషాల్లో ధారగా పోశాను. బీకరు అడుగున తెల్లటి గుజ్జు దిగింది, పైన తేట నిలిచింది. ఆ పైతేటనే సీసాలో పట్టి విశాఖపట్నం తీసుకెళ్ళాను. అక్కడ డీఎల్ఎస్ యంత్రం ఉంది. రేణువుల మీద కాంతి వేసి, అవి నీటిలో ఎంత చురుగ్గా కదులుతున్నాయో చూసి సైజు చెబుతుంది. నూట అరవై నానోమీటర్లు అంది, మాకు కావాల్సినంత చిన్నవే. ఆ ఊపులో ఆపరేటరుతో నాలుగు శాంపిళ్ళకు మూడింటి చార్జీయే తీసుకోమని బేరం కూడా పెట్టాను.

నెలాఖరుకు రెండు వారాలుందనగా, మిగతా పరీక్షలకు పొడి కావాలని నస్రీన్ ఆ తేటను, గడ్డకట్టించి నీరు లాగేసే ఫ్రీజ్ డ్రయ్యర్‌లో ఆరబెట్టింది.

"సీసా తూసేనన్నయ్యా. ఖాళీ సీసా ఎంతుందో అంతే ఉంది," అంది.

"మళ్ళీ తూసి సూడమ్మా."

"నాలుగుసార్లు తూసేను. సైజు బాగానే వచ్చింది కదా, మరి పొడి ఏటైపోతంది? నేనే ఏదో పాడుచేస్తన్నాను. నా సేతులకి ఈ పని రాదు. గైడ్ మేడమ్‌కి సెప్పేసి మానేస్తాను."

ధారగా పోసిన సంగతి అక్కడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

ఆ సాయంత్రం నాన్న కొట్లో కూర్చున్నాను. వడ్డాది నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు ఎండుమిరప బస్తా పైనున్న ఎర్రటి కాయలు గుప్పెడు తీసి చూపించాను. ఆవిడ మోచేతిదాకా చెయ్యి బస్తాలోకి దూర్చింది.

"పైవి నువ్వొండుకో బాబూ. నాకు అడుగువి సూపించు."

"అన్నీ ఒకటేనమ్మా."

"ఒకటే అయితే సూపించడానికి నీకేటి నొప్పి?"

బస్తా తిరగేశాను. అడుగు కాయలు తెల్లబారి ఉన్నాయి. ఆవిడ పావుకిలో కూడా కొనలేదు.

పొద్దున్నే ల్యాబ్‌లో నస్రీన్‌తో చెప్పాను. "నీ సేతుల్లో లోపం లేదమ్మా. టీపీపీ ధారగా పోసేను. సరుకంతా గుజ్జయి అడుక్కి దిగిపోతే, పైతేట పట్టుకెళ్ళి కొలిపించేను."

ఆమె డ్రాఫ్ట్ తీసి ఆ పేజీ తెరిచింది. "ఆ నంబరు డ్రాఫ్ట్‌లో రాసీసేను. మీరు సెప్పకపోతే కమిటీ ముందు సదివీదాన్ని."

"మేడమ్‌కి నేనే సెప్తాను."

"సెప్పండి. తర్వాత ఆ సుక్కలూ మీరే ఎయ్యండి. నేను పక్కన కూకుని లెక్కపెడతాను."

నేను చెప్పిందంతా ఆమె గైడ్ మేడమ్ విన్నారు. పాత నంబరు మీద ఎర్ర గీత గీసి, "పన్నెండు రోజులుంది," అన్నారు.

ఈసారి గంటన్నరసేపు చుక్కలే వేశాను. గుజ్జు దిగలేదు. బీకరంతా బియ్యం కడిగిన నీళ్ళలా ఒక్క తీరున ఉంది. బాగా కలిపి, అందులోంచే శాంపిల్ తీశాం. మూడు బ్యాచ్‌లు చేస్తే సైజు రెండు వందల ఇరవై నాలుగు, రెండు వందల ముప్పై, రెండు వందల నలభై నానోమీటర్లు వచ్చింది. పాత నంబరంత అందంగా లేకపోయినా మూడూ దగ్గర దగ్గరే. జీటా పొటెన్షియల్, అంటే రేణువుల మీది విద్యుదావేశాన్ని చెప్పే కొలత, ముప్పై మిల్లీవోల్టులు దాటింది. ఒకదాన్నొకటి తోసుకుంటాయి కాబట్టి ముద్దకట్టవు.

కమిటీలో ఒకాయన, "సైజు సరే. వేసిందెంత, వచ్చిందెంత?" అని అడిగారట. నస్రీన్ ఒక బ్యాచ్ లెక్క చూపించింది. రిజిస్ట్రేషన్ నిలిచింది. ఆ కాగితం నకలు నా దగ్గర ఇప్పటికీ ఉంది.

వేసినవి: కైటోసాన్ వంద మిల్లీగ్రాములు, టీపీపీ ఇరవై, మందు ముప్పై. మొత్తం నూట యాభై. చేతికొచ్చిన పొడి నూట పన్నెండు. కడిగిన నీళ్ళలో పోయింది ఇరవై ఒకటి. బీకరుకు అంటుకుంది ఎనిమిది. ఎటు పోయిందో మాకు తెలియనిది తొమ్మిది.