తువ్వాల కింద రెండు వేళ్లు

పొద్దున ఎనిమిదికి మొదలయ్యేది. ముందుగాల ఒక ఆడపిల్ల, తేనెల ముంచి తీసిన గొంతు. "సార్, తిన్నారా సార్? కిస్తు ఎప్పుడు కడుతున్నారు సార్?" మా పెళ్లిల కూడ నన్నెవరూ అన్నిసార్లు సార్ అనలేదు. పదకొండుకు ఇంకొకడు, ఇసుక లారీ వెనక్కి వచ్చినట్టుండేది వాని గొంతు. సాయంత్రం మూడోవాడు. వానికి దండం లేదు, పలకరింపు లేదు. "ఏం బ్రదర్, ఉన్నవా, పోయినవా?" ఒకరోజు లెక్కపెడితే నలభై ఒక్కసారి మోగింది. అబద్ధమైతే ముప్పై తొమ్మిది.

అప్పు నాదే, కాదనను. బోరు మోటారు కాలిపోతే వనపర్తిల ఒక ప్రైవేటు ఫైనాన్సుల తీసుకున్న. కొత్త మోటారొచ్చింది గాని బోరుల నీళ్లు పోయినయి. మోటారు మాత్రం ఎంత ముద్దుగ తిరుగుతుండెనో, లోపలి గాలిని తోడి తోడి చేన్ల పోసింది. మూడు కిస్తులు తప్పినయి. వడ్డీలు, జరిమానాలు, వాళ్లకే తెలిసిన ఇంకేవో కలిపి తొంభై ఐదు వేలిస్తే ఖాతా మూసేస్తమన్నరు.

ఫోన్లకు నేను భయపడలేదు. భయమంతా రెండో నంబరు గురించి. అప్పు కాయితం మీద "ఇంకొక మంచి మనిషి నంబరు రాయి" అంటే, నాకు నోటికొచ్చిన మంచి మనిషి నంబరు ఒకటే: మా ఊరి బడి గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉన్న హెడ్మాస్టరు సారుది. రాసిచ్చిన. ఆ బళ్లెనే నా భార్య పన్నెండేండ్ల సంది మధ్యాహ్న భోజనం వండుతది. ఇంట్ల మామూలు మనిషే. ఆ గేటు దాటంగనే భుజాలు లేస్తయి, నడక మారుతది, కలెక్టరమ్మ తనిఖీకి పోయినట్టే. కిందటేడు అప్పులోళ్లు బడి దాక వచ్చి లొల్లి చేస్తే ఇంకొక వంటామె మొకం చూపలేక పని మానుకున్నది. ఆనాడు మా ఆవిడ నాతోని ఒకటే అన్నది, "నువ్వు ఏమన్న చేసుకో, ఆ గేటు కాడికి మాత్రం తేకు." కిస్తులు కడుతున్ననే అనుకుంటుండె పాపం. నేనట్ల అనుకోనిచ్చిన.

శుక్రవారం ఆ లారీ గొంతోడు చెప్పిండు. "రేపు రెండు గంటల దాక టైం. పైసలు పడకపోతే రెండో నంబరుకు కొడతం. నువ్వు ఫోన్ ఎత్తకున్నా, స్విచ్ఛాఫ్ చేసినా గప్పుడే కొడతం."

శనివారమంటే పెబ్బేరు సంత. ఎద్దులు రెండిట్ని తోలుకొని పోయిన. ఏమెద్దులు! దేశంల ఉన్న ఎద్దులన్నీ ఆనాడు సంతకొచ్చి నా వాటికి దారిచ్చినయి. ఎడమటిది జర ముసలిదన్న సంగతి నేను చెప్పలే, అదీ చెప్పుకోలే.

పన్నెండున్నరకు ఒక బేరగాడు ఆగిండు. రాయచూరు దిక్కు రైతు, పెద్ద మీసం. "ఏనప్పా, ఎష్టు?" అని కన్నడంల ధర అడుక్కుంట పళ్లు చూసిండు, గిట్టలు చూసిండు, తోక ఎత్తి అక్కడ కూడ చూసిండు. దళారి మా ఇద్దరి చేతుల మీద తన తువ్వాల కప్పిండు. సంతల ధర నోటితోని చెప్పరు. ఎనభై వేల మీద ఎంతన్నది వేళ్లతోనే. ఒక్కో వేలికి ఐదు వేలు. పట్టుకున్న వేళ్లెన్నో అంత ధర. ఒకసారి పట్టు కుదిరిందంటే అది దేవుని ముందల చెప్పిన మాటే, మార్చేది లేదు.

నేను నాలుగు వేళ్లు పెట్టిన, లక్ష. ఆయన రెండు పట్టి నొక్కిండు, తొంభై. నేను మళ్లీ నాలుగు. నాకు మూడన్న పడాలె, అంతకు తక్కువైతే రెండు గంటలకు బళ్లె ఫోను మోగుతది.

నా అంగీ జేబుల ఫోను వణికింది.

ఎడమచేత్తోని ఎత్తిన. సాయంత్రం చేసేటోడు, ఆనాడు మధ్యాహ్నమే చేసిండు. "ఏం బ్రదర్, టైం చూసినవా?"

"చూస్తున్న సార్, పనిల్నే ఉన్న."

"ఏం పని? ఎద్దులరుస్తున్నయి?"

దళారి నా మొకం చూసిండు. బేరగాడు మొకం చూడలే, చెయ్యి పట్టి చూస్తుండు, వైద్యుడు నాడి చూసినట్టు. నా అరచేతుల చెమట కృష్ణ కాలువలాగ పారుతుండె. ఫోను పెట్టేసిన. ఆయన మూడో వేలి మీదికి మెల్లగ వస్తుండు. వచ్చిండు. ఇంక పట్టు బిగిస్తడనంగ జేబుల మళ్లీ వణికింది, ఈసారి సరిగ్గ గుండె మీదనే. నేను ఉలిక్కిపడిన. చెయ్యి వెనక్కి పోయింది. ఆయన గుప్పిట్ల నావి రెండే వేళ్లు మిగిలినయి.

ఆయన బిగించిండు. "ఆయ్తు!" అన్నడు.

దళారి తువ్వాల గుంజిండు. "కుదిరింది!"

నా నోరు తెరుచుకున్నది. 'అది బేరం కాదయ్యా, ఫోను' అందామనుకున్న. అంటే ఎవరి ఫోనని అడుగుతరు. అప్పులోళ్లు ఎంటబడ్డరని తెలిస్తే ఆ సంతల నా ఎద్దులకు ఇంక మేక ధర కూడ రాదు. ఆయన నోట్లు ఎంచి ఇచ్చిండు. తొంభై వేలు. ఒకటిన్నర అయితుండె.

లారీ గొంతోడికి నేనే ఫోన్ చేసిన. "సార్, తొంభై కడుతున్న, ఐదు వేలు వచ్చే నెల..."

"ఖాతా మూసేది తొంభై ఐదుకు. లేకుంటే రెండో నంబరు. నాకు పైనుంచి ఆర్డరు."

సంత పక్కన ఒక చాయ హోటలు గోడకానుకొని నిలబడ్డ. నా జన్మల ఎన్నో అబద్ధాలు తయారు చేసిన, ఆ పది నిమిషాలల మాత్రం ఒక్కటి కూడ కుదరలే. ఆఖరికి మా ఆవిడకు చేసిన. వెనక పిల్లల పళ్లాల చప్పుడు.

"ఏందయ్యా, ఎద్దులు పోయినయా?"

"పోయినయి. నేను కిస్తులు కట్టలే." అంతా చెప్పిన. మోటారు, వేళ్లు, సారు నంబరు. నా జీవితంల ఏదీ పెంచకుండ చెప్పిన మొదటి మాట అదే.

అవతల ఆమె గంటె కింద పెట్టిన చప్పుడైంది.

"ఇంక ఎంతసేపున్నది?" అన్నది.

"ఇరవై నిమిషాలు."

"సారు ఇక్కడ్నే తింటుండు. నీ నోటితోని నువ్వే చెప్పు. నేను చెప్ప." ఫోను సారు చేతుల పెట్టింది.

ఆ సారుకు నేనేం చెప్పిన్నో నాకే గుర్తు లేదు. ఆయన అన్నది గుర్తుంది. "రానియ్యండి. మీరు చెప్పిండ్రు కదా, ఇంక వాళ్లు నాకేం చెప్తరు?"

చేతుల ఉన్న తొంభై వేలు నేను ఆ పూటనే వనపర్తి పోయి కట్టేసిన. రెండున్నరకు సారు ఆమె ముందలనే వాళ్ల ఫోన్ ఎత్తిండట. "నాకు తెలుసు. ఇంకేమన్న ఉందా?" అని పెట్టేసిండట. మా ఆవిడ గంజులు కడుక్కుంట తల ఎత్తలేదట. ఈ 'అట'లన్నీ బళ్లె చదివే పక్కింటి పిల్ల చెప్పింది. మా ఆవిడ నాతోని మాట్లాడలే.

ఆదివారం మొత్తం మాట్లాడలే. సోమవారం ఎనిమిదికి తేనె గొంతు మోగింది. నేను ఫోను తీసుకొని బయటికి పోతుంటే వెనకనుంచి, "ఆడనే ఎత్తు, నా ముందల" అన్నది.

స్పీకరు పెట్టిన.

"సార్, తిన్నారా సార్?"

"ఇంకా తినలేదమ్మా," అన్నది మా ఆవిడ. "మిగిలింది ఐదు వేలు. వచ్చే నెల పదో తారీకు లోపల నేను కడత, బళ్లె నాకు పైసలొస్తయి. రాసుకున్నవా? రాసుకో. ఇంక ఈయనకు చెయ్యకు, నాకు చెయ్యి."

ఆ పిల్ల రాసుకున్నట్టుంది. "మీ నంబరు చెప్పండి మేడం," అన్నది.

మా ఆవిడ ఒక్కో అంకె నిలబెట్టి చెప్పింది. చెప్పి, బడికి టైమయితుందని చెప్పులేసుకొని పోయింది.