పలక మీద నిలబడే మనిషి

మా కొండల్లో వరిమడి చదును చేయాలంటే ఎడ్లకు ఒక వెడల్పాటి చెక్క పలక కడతారు. దాని మీద మనిషి నిలబడాలి, లేకపోతే పలక బురద మీద తేలిపోతుంది. మా ఇంట్లో ఆ మనిషి అమ్మ. ఎండుపుల్లలా ఉండేది. "మీయమ్మ ఎక్కినా ఒకటే, కాకి వాలినా ఒకటే" అని నాన్న ఆటపట్టించేవాడు. అమ్మ కుచ్చెళ్లు ఎగదోపుకుని, ఎడ్ల తోకలు రెండూ పట్టుకుని, నవ్వుతూ నిలబడేది. ఆమె పడగా నేనెప్పుడూ చూడలేదు.

రెండు వేల సంవత్సరం దాటాక మా ఊరి రైతులందరికీ కలిపి ఒక చిన్న ట్రాక్టర్ వచ్చింది. దాని వెనక, తిరిగే కత్తులతో మట్టిని గుల్ల చేసే రోటవేటర్. నడపడం నేర్చుకోవడానికి నాన్న పాడేరు వెళ్లాడు. వచ్చి మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు.

"సీటొకటే, మనిషొకడే. మడ్గార్డు మీద కూడా ఎవుల్నీ ఎక్కించకూడదంట."

చెప్పినట్టే నడిపాడు కూడా. పిల్లలం ఎక్కుతామని గోల చేస్తే కర్ర తీసేవాడు.

మా పై మడి గట్టినేల, నిండా రాళ్లు. అక్కడ రోటవేటర్ ఎగిరెగిరి పడుతోంది, కత్తులు దిగడం లేదు. నాన్న బండి ఆపి, అంబలి తెచ్చి గట్టు మీద కూర్చున్న అమ్మను పిలిచాడు.

"ఓలే, దీని మీదెక్కి నిల్సో. బరువుంటే దిగుతాది."

"పడిపోతే?"

"ఇన్నేళ్లు పలక మీద పడ్డావేటి? బేగి ఎక్కు."

మనిషిని ఎక్కించకూడదన్న మాట బండికే అనుకున్నాడు నాన్న. వెనక ఉన్నది ఆయన కంటికి ఇనప పలక. మా ఊళ్లో ఎవరి కంటికైనా అంతే. అమ్మ ఎక్కింది. పట్టుకోవడానికి తోకలు లేవు, సీటు వెనక కమ్మీ పట్టుకుంది. మలుపు దగ్గర రాయి తగిలి రోటవేటర్ ఎగిరింది. అమ్మ ముందుకు తూలి, బండికీ దానికీ మధ్య పడింది. అక్కడ కత్తులను తిప్పే ఇరుసు చీరను చుట్టేసింది. నాన్న ఇంజను ఆపాడు. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి జీపు వచ్చేసరికి అమ్మ లేదు.

"తలరాత" అన్నారు ఊరివాళ్లు. నాకు ఒళ్లు మండిపోయింది. తలరాతకు ఇరుసులుంటాయా? నాన్నను నిలదీయాలనే అనుకున్నాను. అన్నం ముందు పెట్టుకుని ముట్టకుండా కూర్చున్న ఆయన్ని చూసి గుమ్మం నుంచే వెనక్కి వచ్చేశాను. ఏడ్చి తీరే దుఃఖం కాదది. ఇప్పటికీ తీరలేదు, తీరుతుందన్న ఆశా లేదు.

మరుసటి ఏడు అదే మడి దున్నాలి. తినాలి కదా. నాన్న బండి తెచ్చాడు. రోటవేటర్ మళ్లీ ఎగిరింది. ఆయన దిగి, గట్టు మీద ఉన్న బండరాయిని దొర్లించుకొచ్చి, రోటవేటర్ మీదికి ఎక్కించి తాడుతో బిగించి కట్టాడు. కత్తులు జానెడు లోతు దిగాయి.

ఆ రాయి నేను పుట్టకముందు నుంచీ ఆ గట్టు మీదే ఉంది.