మొద్దుబారిన చెంప

బట్టలకు గుచ్చుకునే ఉన్ని బ్రోచ్ పూర్తవగానే ఆమె కళ్లు మూసుకుని దాన్ని ఎడమ చెంపకు ఆనించుకుంటుంది. ఎక్కడా ఏదీ గుచ్చుకోకపోతే పని అయినట్టు.

వీధిలో అందరికీ ఆమె పూసలత్త. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద స్పాంజి ముక్క, దాని మీద దూదిలా విప్పిన ఉన్ని. అంచున సన్నటి గాట్లున్న సూదితో పొడుస్తూ పోతే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడతాయి. ఎవరో ఇసుక మీద మెల్లగా నడుస్తున్నట్టు చప్పుడు. ఆ చప్పుడు వింటూ వింటూ ఆమె ఎక్కడికో వెళ్లిపోతుంది. పొయ్యి మీద పాలు మాడిన సంగతి ఆమె కంటే ముందు పక్కింటివాళ్లకు తెలుస్తుంది.

మూడేళ్ల కిందట అక్క ఒక మాట అంది. "పనీపాటా లేనివాళ్లే ఇలా ఉన్ని పొడుచుకుంటూ కూర్చుంటారు." అప్పటినుంచి మాటల్లేవు. మధ్యన ఉన్నది రెండు బస్‌స్టాపుల దూరం.

చివరికి చెల్లెలే తగ్గింది. అక్క కోసం బూడిదరంగు మబ్బు బ్రోచ్ చేసింది. కింది అంచున పదకొండు గాజుపూసలు, రాలబోయే చినుకుల్లా.

అది పూర్తయిన రోజు పొద్దున ఆమె పన్ను పీకించుకుని వచ్చింది. మత్తు దిగలేదు. సగం ముఖం ఎక్కడో నిద్రపోతోంది. అలవాటుగా మబ్బును ఆ చెంపకే ఆనించుకుంది. ఏమీ లేనంత మెత్తగా ఉంది. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు అనుకుంది. మధ్యాహ్నం భర్త దాన్ని డబ్బాలో పెట్టి తీసుకెళ్లి ఇచ్చి వచ్చాడు.

"ఏమందండీ?"

"ఏమీ అనలేదు. మూత తీసి చూసింది, మళ్లీ పెట్టేసింది."

సాయంత్రం మత్తు వదిలి, దవడ సలపడం మొదలైంది. బల్ల సర్దుతూ సూది చేతిలోకి తీసుకుంది. మొన లేదు. స్పాంజి చీల్చింది. నేలంతా అయస్కాంతంతో గాలించింది. దొరకలేదు.

"అది మబ్బులోనే ఉండిపోయింది," అంది.

"ఫోన్ చేసి చెప్పు, అయిపోతుంది."

"మూడేళ్ల తర్వాత మొదటి మాట, అక్కా అందులో సూది ఉంది, అనా? కావాలని పెట్టాననుకోదూ?"

భర్త నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

ఆమె కిటికీ దగ్గర కూర్చుంది. వెలుగు బల్ల మీంచి, ఉన్ని మీంచి, ఆమె చేతుల మీంచి ఒక్కొక్కటిగా దిగిపోయింది. ఎక్కడో ఒక డబ్బాలో, చీకట్లో, చిన్న మబ్బు. దాని లోపల ఇంకా మెరవని మెరుపు.

మర్నాడు పొద్దున్నే చిన్న పట్టకారు సంచిలో వేసుకుని మొదటి బస్సెక్కింది. అక్క పనికి బయల్దేరుతూ తలుపుకి తాళం వేస్తోంది. కోటు మీద, ఎడమ భుజానికి కాస్త కింద, మబ్బు.

"నువ్వా! ఆ దవడేంటే, బూరెలా వాచింది?"

"పన్ను పీకారు."

"ఏడ్చావా?"

"కొంచెం."

చెల్లెలు దగ్గరికి వెళ్లి, మబ్బుకు చెంప ఆనించింది. మూడో చినుకు పక్కన సన్నగా గుచ్చుకుంది.

"నాకూ నిన్ననే గుచ్చుకుంది," అంది అక్క. "కావాలనే పెట్టావనుకున్నా."

"మరెందుకు పెట్టుకున్నావ్?"

"బాగుంది కదే."

ఆమె ఒక చేత్తో సంచిలో పట్టకారు కోసం వెతికింది. దొరికింది. చెంప మాత్రం ఇంకా తీయలేదు.