హంతకుడి పేరు వద్దన్న అక్క

సాయంత్రం ఆర్మూరు బస్సులో పాత డిటెక్టివ్ కథ మళ్లీ చదువుతున్నాను. పసుపు అమ్ముకుని ఊరికి పోతున్న పక్క సీటు అక్క, "గంత మునిగి సదువుతున్నవ్, ఏమున్నది చెల్లె గండ్ల?" అంది.

చెప్పడం మొదలుపెట్టాను. లోపల గడియపెట్టిన గది, ముసలి దొర శవం, ఇంట్లో నలుగురు. హంతకుడి దాకా వచ్చేసరికి ఆమె దిగాల్సిన జక్రాన్‌పల్లి వచ్చేసింది.

"పేరు చెప్పేస్తానక్కా, వినిపో."

"వద్దు వద్దు! ఇంటికి పోయి నేనే పట్టుకుంట," అని దిగిపోయింది.

బస్సు కదలగానే కండక్టర్ నా వైపు తిరిగాడు. "అక్క దిగింది గదా మేడం. ఇగ మాకు చెప్పుండ్రి, ఎవలు సంపిండ్రు?"

"మీరూ పట్టుకోండి," అన్నాను. ఆర్మూరు చేరేలోపు బస్సు మొత్తం కలిసి ఆ నలుగురినీ హంతకుల్ని చేసేసింది.

ఇలాంటి కథలకు కాలం చెల్లిందనేవాళ్లు ఒకసారి మా బస్సెక్కాలి. మీరైతే పేరు చెప్పేసేవారా?