మా అత్త దగ్గు, దాని ముద్దాయిలు

మా అత్తకు బీపీ ఉందని తేలిన రోజు ఇంట్లో సంతోషించింది ఆమె ఒక్కతే. ఇన్నేళ్ల కోపానికి ఒక పేరు దొరికింది.

"అరుస్తాండేది నేను కాదు, నా బీపీ" అని ఆ సాయంత్రమే నాకు చెప్పేసింది.

మాది మోక అనే పల్లె. డాక్టరు ఉండేది బళ్లారిలో. ఆయన రెండు మాత్రలు రాశారు. ఒకటి రక్తనాళాలను వదులు చేసేది. రెండోది ఒంట్లో ఎక్కువైన ఉప్పునూ నీళ్లనూ మూత్రంలో బయటికి పంపేది. ఈ రెండోదానికి అత్త "పరుగు మాత్ర" అని పేరు పెట్టింది. ఎందుకో చెప్పనక్కర్లేదు.

నెల తిరిగేసరికి ఆమెకు దగ్గు మొదలైంది. జ్వరం లేదు, కఫం లేదు, ఒట్టి పొడి దగ్గు. మొదటి ముద్దాయిని నేనే.

"తిరగవాతలో ఎన్ని మిరపకాయలు ఏస్తాండావు? నా గొంతు పోతాండాది."

మిరపకాయలు మానేశాను. వారం పాటు ఇంట్లో అందరం చప్పటి పప్పు తిన్నాం. దగ్గు తగ్గలేదు. రెండో ముద్దాయి మా ఆయన. కుడతినిలో బొగ్గుతో కరెంటు తీసే ఫ్యాక్టరీలో పని. "నీ గుడ్డలకు బూడిద ఉండాదప్పా, ఆడే స్నానం చేసి లోపలికి రా" అని కన్నకొడుకును పెరట్లో కొళాయి దగ్గర నిలబెట్టింది.

నాకు మాత్రం వేరే అనుమానం. నేను మా అమ్మతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు, సరిగ్గా అసలు సంగతి మొదలయ్యే చోట అత్తకు దగ్గు వచ్చేది. నటన అనుకున్నాను. ఒక మధ్యాహ్నం చాప మీద ఆమె గాఢంగా నిద్రపోతుంటే పక్కన కూర్చుని గమనించాను. నిద్రలోనూ దగ్గుతోంది. కళ్లు తెరవకుండానే గొంతు పట్టుకుంటోంది. నాకు సిగ్గేసింది. మరుసటి రోజే బస్సెక్కించాను.

డాక్టరు ఆమె మాత్రల అట్టలు చూసి, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విని, నవ్వారు.

"దగ్గు ఈ మాత్ర వల్లేనమ్మా. మన ఒంట్లో రక్తనాళాలను బిగించే పదార్థం ఒకటి తయారవుతాది. ఈ మాత్ర దాన్ని తయారు కానీదు. నాళాలు వదులైతే గుండెకు పని తగ్గుతాది, బీపీ దిగుతాది. అయితే ఇదే మాత్రతో కొందరికి గొంతులో గరగర పుట్టించే పదార్థం ఇంకొకటి పేరుకుంటాది."

"మరి మా కోడలి తిరగవాత?"

"దానికేం సంబంధం లేదు."

"స్వల్ప గూడా లేదా?"

"స్వల్ప గూడా లేదు."

ఆమె ముఖం చూడాలి. తర్వాత బీపీ చూస్తే ఎక్కువే ఉంది. డాక్టరు కనుబొమలు ముడిచారు.

"రెండు మాత్రలూ రోజూ ఏసుకుంటాండారా?"

"ఒక్క రోజూ ఇడ్సలేదు డాక్టరప్పా."

పొద్దున పరుగు మాత్రను ఆమె వక్కాకు సంచిలోకి జార్చడం నేను కళ్లారా చూశాను. అత్త మీద చాడీ చెప్పలేను, ఊరుకోనూ లేను. అందుకని దగ్గాను. రెండోసారి ఇంకాస్త గట్టిగా.

డాక్టరు నా వైపు తిరిగారు. "మీరూ ఈ మాత్ర ఏసుకుంటాండారా?"

"లేదు సార్. మా అత్త సంచిని చూస్తే వచ్చింది."

సంచిలోంచి నాలుగు మాత్రలు బయటపడ్డాయి. బస్సెక్కిన ప్రతిరోజుకూ ఒకటి.

"బస్సులో ఆపుకోలేను. దిగి యాడికి పోయేది చెప్పప్పా?" అంది అత్త, తల దించకుండానే.

డాక్టరు ఆమెను తిట్టలేదు. ప్రయాణం ఉన్న రోజు పరుగు మాత్రను ఇంటికి వచ్చాక వేసుకోమన్నారు, అసలు మానేయడం మాత్రం కుదరదన్నారు. దగ్గు తెప్పించిన మాత్ర బదులు ఇంకొకటి రాశారు. ఇది ఆ బిగించే పదార్థాన్ని తయారు కానిస్తుందట, కానీ రక్తనాళాల మీద పని చేయనీయదట. బస్సులో అత్త వక్కాకు సంచిని ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది. మోకలో దిగాక, "బాగనే దగ్గినావు" అంది.

కొన్ని వారాల్లో దగ్గు పోయింది. మిరపకాయలు, మా ఆయన ఇద్దరూ ఇంట్లోకి వచ్చారు. అత్త మాత్రం వీధికి డాక్టరైంది. మా పక్కింటావిడ వాళ్లది కోస్తా నుంచి వచ్చి కాలవ కింద వరి వేసే కుటుంబం. ఆవిడా బీపీకి మాత్ర వేసుకుంటుంది. ఒకరోజు దగ్గుతూ వచ్చి, "ఆ మాత్ర మానేస్తానండీ వదినగారూ" అంది.

"మానేస్తే బీపీ నెత్తికెక్కి కూర్చుంటాది. మానేది కాదు, మార్పించుకునేది. పా పోదాం" అని ఆమెను అప్పటికప్పుడే బళ్లారి బస్సెక్కించింది.

సాయంత్రం పక్కింటావిడను వాళ్ల గుమ్మం దగ్గరే వదిలి, అత్త ముఖం ముడుచుకుని ఇంట్లోకి వచ్చింది. ఏమైంది అత్తా అని అడిగాను.

"ఆమె మాత్ర వేరేదంట. దానికి దగ్గు రాదంట. ఉత్త పడిశమంట. ఆవిరి పట్టమన్నాడు. అంత దూరం పోయింది ఆవిరికా?"

అత్త రెండు రోజులు ఆ పక్కింటావిడతో మాట్లాడలేదు.