అక్క బండికి మోటారు

మా అక్కకు నడక లేదు. మూడో ఏట జ్వరమొచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయని అమ్మ చెప్పేది. నేను ఆమె తర్వాత ఆరేళ్లకు పుట్టాను, ఆమె నడవగా చూసినవాణ్ని కాను. అమ్మానాన్నా పోయాక ఈపూరు వైపు మా పల్లె నుంచి ఇద్దరం నరసరావుపేట వచ్చి ఓ చిన్న అద్దె ఇంట్లో చేరాం. నేను కోర్టు దగ్గర దస్తావేజులు రాసేవాణ్ని. అక్క ఇంట్లో కూచుని చీరలకు ఫాల్స్ కుట్టేది. నేను పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు అక్కను చూపించేవాణ్ని. అది పూర్తి నిజం కాదు గానీ, ఎవరూ రెండో మాట అడిగేవాళ్లు కాదు.

ఆటో అంటే అక్కకు గిట్టదు. డ్రైవర్లు చంకల కింద చేతులేసి మూటలాగా లేపుతారని కోపం. అందుకని పాత ఐస్‌క్రీం బండి ఒకటి కొన్నాను. ముందు రెండు చక్రాల మీద పెట్టె, వెనక ఒక చక్రం, సీటు, పెడళ్లు. పెట్టె తీయించి, ఆ చోట కాళ్లు కోసిన ప్లాస్టిక్ కుర్చీ బిగించాను. అక్కను ముందు కూచోబెట్టి నేను వెనక తొక్కేవాణ్ని. మొదట్లో పిల్లలు "ఐస్, ఐస్" అంటూ వెంటపడేవాళ్లు. "అయిపోయినయిరా, రేపు రండి" అనేది అక్క, ఏమాత్రం నవ్వకుండా.

ప్రతి ఆదివారం కోటప్పకొండ రోడ్డు మీద కొంతదూరం వెళ్లొచ్చేవాళ్లం. దారి పొడుగునా అక్క మాట్లాడుతూనే ఉండేది. ఆమె ముఖం అటు. నాకు కనపడేది జడ, చెవులు. చైను కిరకిర, నా ఆయాసం, పక్కనుంచి పోయే లారీలు... ఒక్క మాటా సరిగ్గా వినపడేది కాదు. "ఊఁ, ఊఁ" అంటూ తొక్కేవాణ్ని. వారమంతా కోర్టు ముందు ఎవరెవరి తగాదాలో రాసే మనిషికి, ఆ మాటల చప్పుడు ఒక్కటే తనదనిపించేది.

పన్నెండేళ్లు తొక్కాను. తర్వాత నా మోకాళ్లు వాచాయి. తొక్కడం మానెయ్యకపోతే నువ్వూ కుర్చీలోనే కూచుంటావన్నాడు డాక్టరు. ఐదు నెలలు బండి గోడవార నిలబడిపోయింది. ఒకరోజు నేను ఇంటికొచ్చేసరికి బండి మీద కుర్చీ శుభ్రంగా తుడిచి ఉంది. వాకిట్లోకి పాక్కుంటూ వచ్చి తుడిచిందన్నమాట. మోచేతికి మట్టి ఇంకా అంటుకునే ఉంది.

చిలకలూరిపేటలో ఒకాయన, స్పిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేసి మానేసినవాడు, కరెంటు స్కూటర్లు బాగుచేస్తాడని ఎవరో చెబితే వెళ్లాను. నేను చెప్పిందంతా విని, "మోటారు వెనక చక్రంలో పెడతా, బ్యాటరీ కుర్చీ కింద. అదేం పెద్ద పని కాదు. పోవడం కాదు సామీ, ఆగడం చూడాలి ముందు. మూడు చక్రాలకీ బ్రేకులుండాలి. ఎక్కే మనిషి ఎంత బరువు?" అన్నాడు.

నాకు తెలియదు. ముప్పై ఏళ్లుగా రోజూ ఎత్తి దించుతున్న మనిషి బరువు నాకు తెలియదు.

"తూకం వేసుకుని ఫోన్ చెయ్యి" అన్నాడాయన.

మర్నాడు అక్కను బండిలోనే కూచోబెట్టి, మెల్లగా తోసుకుంటూ మా వీధి చివర పత్తి కొట్టుకు తీసుకెళ్లాను. బండిని కాటా మీదికి ఎక్కించాం. తర్వాత అక్కను బల్ల మీదికి దించి ఖాళీ బండి తూచాం. తీసివేస్తే ఎనభై ఒక్క కేజీలు. హమాలీ ఒకతను, "అమ్మా, నువ్వు మా పత్తి బోరెం బస్తాలో సగం కూడా లేవు" అన్నాడు. అందరితో పాటు అక్క కూడా నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

బండి మూడు వారాలకు తయారైంది. కుర్చీకి మెత్త వేసి, బెల్టు పెట్టి, చేతులానించుకునే కడ్డీలు వెల్డింగ్ చేయించాడు చిలకలూరిపేట మేస్త్రీ. ఆ ఆదివారం కోటప్పకొండ రోడ్డెక్కాం. కుడిచేతిలో పిడి కాస్త తిప్పితే చాలు, బండి నీళ్లమీద పోతున్నట్టు పోయింది. చప్పుడే లేదు. రోడ్డు పక్క పిచ్చుకల అరుపులు కూడా వినపడుతున్నాయి. ఇక అక్క చెప్పేదంతా వినొచ్చనుకున్నాను.

అక్క మాట్లాడలేదు. పోయేటప్పుడూ లేదు, వచ్చేటప్పుడూ లేదు.

"ఏం అక్కా, భయమేస్తందా?"

"లేదే."

"మరి మాట్లాడవేంది?"

తల తిప్పకుండానే అంది. "ఇదివరకు నీకు ఇనపడేది కాదుగా. అందుకని మాట్లాడేదాన్ని."

పన్నెండేళ్లుగా నేనన్న "ఊఁ"లన్నీ గుర్తొచ్చాయి. ఇంటిదాకా బండి మెల్లగా నడిపాను.

పక్కింట్లో ఒకామె ఉండేది, చర్చి బడిలో ఆయా. భర్త లేడు. మేము రావడం చూసి, "అన్నయ్యా, నేనొకసారి నడపనా?" అంది. తొక్కే రోజుల్లో ఆ బండిని కదిలించడం నా ఒక్కడి వల్లే అయ్యేది. ఇప్పుడు ఎవరైనా నడపొచ్చు. ఆమెకు రెండు రోజుల్లో చేయి తిరిగింది. వారం తిరక్కుండానే అక్కను మార్కెట్‌కు తీసుకెళ్లింది. అప్పటిదాకా నేను కొనుక్కొస్తే తప్ప రంగు తెలియని దారపు రీళ్లను అక్క తనే చూసి ఏరుకుంది. నలభై రంగులు కొన్నదేమో, ఒళ్లో పోసుకుని ఒక్కోటీ నాకు చూపించింది. ఆ తర్వాత చర్చి ఆడవాళ్లు కుట్టు పని చేసుకునే చోటికి వెళ్లడం మొదలుపెట్టారు. మనం చర్చి వాళ్లం కాదు కదక్కా అంటే, "సూదికేం మతంరా" అంది.

వీధి మలుపులోనే వాళ్ల నవ్వులు వినపడేవి. నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఆగేవి.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "అప్పట్లో దారంతా ఏం మాట్లాడేదానివక్కా?"

"ఏవో. గుర్తున్నాయా ఏంది."

"నా మీద కోపమా?"

"కొన్నిసార్లు," అంది సూదిలో దారం ఎక్కిస్తూ. "కొన్నిసార్లు జాలి. చానాసార్లు ఊరికే. నీకు చెప్పేయి కావులేరా."

ఒక శనివారం, "రేపు మనిద్దరం కొండ దారిన పోదామా?" అన్నాను. అక్క ఇబ్బందిగా చూసింది. "రేపు ఆమెతో వస్తానన్నానురా. ఆడ కుట్టేవాళ్లల్లో ఎవరి బిడ్డకో బారసాల. నువ్వూ రారాదు?" ఆడవాళ్లలో నేనెందుకన్నాను. ఇంకొకసారి పిలుస్తుందేమోనని చూశాను. పిలవలేదు.

మర్నాడు అక్కను నేనే ఎత్తి కుర్చీలో కూచోబెట్టి, బెల్టు పెట్టాను. ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఆమె చేతి చెమట నా భుజానికి తగిలింది. పక్కింటామె పిడి తిప్పింది. బండి చప్పుడు లేకుండా మలుపు తిరిగింది.

ఇప్పుడు నా ఆదివారాలు ఇలాగే మొదలవుతాయి. వాళ్లు వెళ్లాక తలుపు దగ్గరగా వేసి స్టేషన్ రోడ్డు మీద నడుస్తాను. మోకాళ్లు కొంచెం నయం. టీ కొట్టాయన రెండో వారంలోనే నా మొహం గుర్తుపట్టి, "ఒక్కరేనా, కూచోండి" అంటూ బెంచీ తుడుస్తున్నాడు. టీ తాగేదాకా అక్కడ కూచుంటాను. చెప్పడానికి నా దగ్గర కూడా చానా మాటలే ఉన్నాయని ఈ మధ్యే తెలుస్తోంది.