పేరు లేని బటన్లు

ఒక పొద్దున అల్లికలక్క ఫోన్‌కి మాట పడిపోయింది.

అంతకుముందు రోజు వరకూ పనులొచ్చే యాప్ తెరిచి తెర మీద వేలు జరుపుతుంటే, వేలి కింద ఏముందో ఫోన్ పైకి చదివేది. "పని ఒప్పుకోండి." "వద్దు." "కస్టమర్‌కి ఫోన్." కావలసింది వినపడగానే రెండుసార్లు తడితే సరిపోయేది. ఈలోగా కంపెనీవాళ్లు యాప్‌ని కొత్తగా ముస్తాబు చేశారు. అక్షరాలు తీసేసి ముచ్చటైన బొమ్మలు పెట్టారు. ఆ బొమ్మల వెనక ఫోన్ చదువుకోవడానికి ఒక్క మాటైనా రాయలేదు. వేలు ఎక్కడ పెట్టినా ఒకటే పాట: "బటన్." "బటన్." "బటన్."

అక్కకి పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. కుంగిపోయిన పేము కుర్చీలకి కొత్త సీటు అల్లడం ఆమె పని. వీధి వైపు గదిలో నీళ్ల తొట్టె, అందులో నానుతున్న పేము బద్దలు, గోడకి ఆనించిన కుర్చీల చట్రాలు. చట్రానికున్న చిల్లుల్లోంచి బద్ద దూర్చి లాగితే కిర్రుమంటుంది. ఆ కిర్రుని బట్టి బిగువు సరిపోయిందో లేదో చెబుతుంది. అందుకే బేరాలన్నీ ఆమెతోనే.

ఫోన్ మూగబోయిన సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. ఓ కస్టమర్ చేత చూపించుకుని, మొదటి బటన్ ఒప్పుకోవడానికి, రెండోది వద్దనడానికి అని వరస బట్టీ పట్టేసింది. ఆ యాప్‌లో మెసేజ్ వస్తే దారినపోయేవాళ్లకి ఫోన్ ఇచ్చి చదివించుకునేది. ఒకావిడ అడక్కుండానే డాక్టర్ పంపిన మెసేజ్ కూడా వీధంతా వినపడేలా చదివిపెట్టింది. అక్క నవ్వి ఊరుకుంది.

చాలామంది దీన్ని ఇబ్బంది అంటారు. నేను అన్యాయమనే అంటాను. దుకాణం తలుపు పీకేసి గోడ కట్టి, లోపలికి రాలేనివాళ్లని సర్దుకుపొమ్మనడం అన్యాయం కాకపోతే మరేమిటి?

కొన్నాళ్లకి యాప్ మళ్లీ మారింది. ఈసారి బటన్లు చోట్లు మార్చుకున్నాయి. పని రాగానే అక్క బట్టీ పట్టిన వరస ప్రకారమే తట్టింది. మర్నాడు వీధి చివరి లైబ్రరీని చూసుకునే పెద్దాయన గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. ముఖం ముడుచుకుని ఉంది.

"ఏమ్మా, మా కుర్చీలంటే నీకంత అలుసా? వద్దని కొట్టేశావే!"

"నేనా? ఒప్పుకున్నాను కదా బాబాయ్!"

ఆమె చేతిలోని బద్ద తొట్టెలోకి జారిపోయింది. ఎన్నో ఏళ్లుగా ఆ చదువుకునే గది కుర్చీలన్నీ ఆమె అల్లినవే.

వ్యాన్‌లో కుర్చీలు తెచ్చి దింపే ఆమె తమ్ముడు ఈ మాట విన్నాడు. ప్రేమ గలవాడే. చిక్కంతా ఆ ప్రేమతోనే వచ్చింది.

"ఇంక నీకెందుకే అక్కా ఈ గోల? అకౌంట్ నా పేరు మీదకి మార్చేస్తా. ఫోన్ నేను చూసుకుంటా, నువ్వు హాయిగా అల్లుకో."

"ఏ పని ఒప్పుకోవాలో ఎవరు చెబుతారు?"

"నేనే చెబుతాలేవే."

"ఎంత అడగాలో?"

"అదీ నేనే."

"మరి నేనేంట్రా, నీ దగ్గర జీతానికున్నానా?"

ఆమె కూడబెట్టుకున్న మంచి పేరు, నమ్మకం, బేరమాడే హక్కు, అన్నీ మంచితనం ముసుగులో చేతులు మారబోతున్నాయి. అప్పుడు లేచింది అక్క. కంపెనీ సహాయం నంబర్‌కి ఫోన్ కలిపింది.

అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "మేడమ్, మీ పక్కన చూపున్నవాళ్లెవరైనా ఉంటే ఫోన్ ఇస్తారా?"

"నా పక్కన కుర్చీ ఉందమ్మా. దానికిమ్మంటావా?"

"అది కాదు మేడమ్, యాప్ అందరికీ బాగానే పనిచేస్తోంది..."

"అందరిలో నేను లేనా?"

"ఫిర్యాదులు ఎక్కువొస్తేనే పైకి పంపగలం మేడమ్," అంది అమ్మాయి గొంతు తగ్గించి. ఆ పిల్ల కావాలని దారి చూపించిందో, నోరు జారిందో తెలియదు.

అంతలో, గుమ్మంలోనే నిలబడి ఇదంతా విన్న లైబ్రరీ పెద్దాయన కోపం మరిచి అదే పనిని మళ్లీ యాప్‌లో పెట్టాడు. అక్క ఫోన్ మోగింది. ఆమె తెర మీద వెలుగంతా ఆపేసి, గొంతు మాత్రం ఉంచి, నల్లటి ఫోన్‌ని ఆయన చేతిలో పెట్టింది.

"మీ కుర్చీలు మీరే ఒప్పుకోండి బాబాయ్."

"ఓస్, ఇంతేనా!" ఆయన వేలు జరిపాడు. బటన్. జరిపాడు. బటన్. కళ్లజోడు సర్దుకున్నాడు, దానివల్ల ఒరిగేదేం లేకపోయినా. చివరికి ధైర్యం చేసి రెండుసార్లు తట్టాడు. వెంటనే ఆయన జేబులోని ఫోన్ టింగుమంది. తీసి చూసుకున్నాడు. పని తిరస్కరించబడింది.

"మీ కుర్చీలంటే మీకే అంత అలుసా బాబాయ్?" అంది అక్క.

తమ్ముడు పడీపడీ నవ్వాడు. పెద్దాయన నవ్వబోయి ఆగిపోయాడు. "ఇది నవ్వులాట కాదురా అబ్బాయ్. కుర్చీలు నేనెలాగూ తెచ్చి పడేస్తా. ముందు నా ఫోన్లోంచి ఫిర్యాదు పెట్టు," అన్నాడు.

అలా మొదలైంది. ఆ తర్వాత కుర్చీ కోసం వచ్చిన ప్రతివాళ్ల చేతిలోనూ అక్క ఆ నల్లటి ఫోన్ పెట్టింది. "ఒక్క పని ఒప్పుకుని చూపించండి, మీ కుర్చీ మీకిచ్చేస్తా." ఎవరివల్లా కాలేదు. కుర్చీ ఇచ్చేది, పక్కన కూర్చోబెట్టుకుని ఫిర్యాదు రాయించేది. నా కుర్చీ కోసం వెళ్లిన నేనూ ఆ గదిలో కూర్చునే నాది రాశాను. అందరికన్నా ఎక్కువ రాయించినవాడు తమ్ముడు. కుర్చీలు దింపిన ప్రతి ఇంటి గుమ్మంలోనూ ఫోన్ తీయించాడు. అకౌంట్ మాట మళ్లీ ఎత్తలేదు. ఎవరైనా ధర అడిగితే, "అక్కనడగండి, యజమాని ఆవిడ" అనేవాడు.

ఫిర్యాదులు కుప్పపడ్డాక సహాయం నంబర్ అమ్మాయి తనంతట తనే ఫోన్ చేసింది. "యాప్ తయారుచేసే మా టీమ్‌ని తెర ఆపి వాడి చూడమన్నారు మేడమ్. ఒకాయన తన అకౌంట్‌నే మూసేసుకున్నారు." ఈసారి ఇద్దరూ కలిసి నవ్వుకున్నారు.

యాప్ మళ్లీ మారిన రోజు నేనక్కడే ఉన్నాను. పని వచ్చింది. అక్క తడి చేతిని చీర చెంగుకి తుడుచుకుని వేలు పెట్టింది. "పని ఒప్పుకోండి," అంది ఫోన్. ఆమె తట్టలేదు. గొంతు పూర్తిగా పెంచి, వీధి గుమ్మంలోకొచ్చి మళ్లీ వేలు పెట్టింది. "పని ఒప్పుకోండి!" ఎదురింటివాళ్లు కిటికీ తీశారు. అప్పుడు తట్టింది. ఆ క్షణంలో ఆమె నిలబడ్డ తీరు చూసి నా ఛాతీ ఉప్పొంగింది.

తిరిగొచ్చి మిగతా బటన్లన్నీ ఒక్కొక్కటే విన్నది. ఫొటో పంపే చోట ఆగింది. "బటన్."

"ఇంకోటి మిగిలింది," అంటూ సహాయం నంబర్ కలిపింది.

అది ఆమె చూసుకుంటుంది. మీరు మీది చూసుకోండి. మీ ఫోన్ సెట్టింగుల్లో తెరని చదివి వినిపించే సదుపాయం ఉంటుంది. ఎలా ఆపాలో ముందు తెలుసుకుని ఆన్ చేయండి, కళ్లు మూసుకోండి, రోజూ వాడే యాప్ ఏదైనా తెరవండి. ఎక్కడ ఉత్త "బటన్" అని వినపడుతుందో అక్కడ కళ్లు తెరిచి, ఆ కంపెనీకి ఒక ఫిర్యాదు రాయండి. ఈ పుస్తకం మూసేలోగా ఆ పని చేయండి.